పెద్దబోడి మీద ఒక్క మనిషి

రెబ్కా టీచరు నడుస్తుంటే వెనక వచ్చేవాళ్ళకి ఆయాసం వచ్చేది. కొండకింద పాలెం సమితి స్కూల్లో ఆమె పదకొండేళ్ళుగా పని చేస్తోంది. ఆ పదకొండేళ్ళలో ఆమె పరుగెత్తడం గానీ, దారి మధ్యలో ఆగి ఎటు పోవాలా అని చూడటం గానీ ఎవరూ ఎరగరు. పొదిలికి పడమరగా పన్నెండు మైళ్ళ లోపలికి ఉన్న ఆ ఊరికి రోజుకి రెండుసార్లు బస్సు వచ్చేది, అదీ డ్రైవరుకి మనసు బాగుంటే. ఆమెకి ఆ బస్సుతో పెద్దగా పని పడేది కాదు. "నడిస్తే అయిపోయేదానికి ఎదురుచూడటం ఎందుకండీ" అనేది.

ఆ నడక తల్లి పున్నమ్మ నుంచి వచ్చింది. పున్నమ్మది ప్రత్తిపాడు వైపు. పత్తి తీతలకీ మిరప కోతలకీ ఊళ్ళ వెంట నడిచి నడిచి, ముగ్గురు పిల్లల్ని కని, అందులో ఒకదాన్ని పంతులమ్మని చేసి, ఓ వేసవిలో కన్నుమూసింది. పోయాక ఏదో కాగితం అవసరమై వెతికితే ఆమె పేరు రాసి ఉన్నది ఒక్కచోటే, చర్చిలో బాప్తిస్మాల పుస్తకంలో. యాభై ఏళ్ళు ఇంతమంది చేలల్లో వంగిన మనిషికి ఇంకే పుస్తకంలోనూ పేరు లేదు. ఏళ్ళు గడిచి రెబ్కాకి దుఃఖం తగ్గింది గానీ, ఆ కోపం మాత్రం తగ్గలేదు.

అలాంటి మనిషికి ఎనభై ఒకటి ఫిబ్రవరిలో జనాభా లెక్కల పని అప్పజెప్పారు. ఆమెకొక్కదానికే కాదు, టీచర్లందరికీ ఇచ్చారు. చాలామంది ఏం చేశారంటే, మునసబుగారి పంచలో కుర్చీ వేయించుకుని, మజ్జిగ తాగుతూ, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. మునసబుకి ఊరంతా నోటికి వచ్చు. ఎవరింట్లో ఎంతమందో చెప్పడమే కాదు, ఎవరు ఎవరితో మాట్లాడరో కూడా అడక్కుండానే చెబుతాడు. రెబ్కా అలా చెయ్యలేదు. సంచీ భుజానేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. మొగుడి పేరు నోటితో చెప్పకూడదని పక్కింటావిడ కోసం కబురు పెట్టిన ఆడవాళ్ళ దగ్గర, ఆ పక్కింటావిడ వచ్చేదాకా కూర్చుంది. వయసు అడిగితే, పెద్ద గాలివాన నాటికి నేను చంకలో పిల్లనని చెప్పినవాళ్ళకి వేళ్ళు మడిచి ఏళ్ళు కట్టింది. మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజులు కావడంతో మనుషులు ఇళ్ళ దగ్గర దొరికేవాళ్ళు కారు. కల్లాల దగ్గరికే పోయి, ఘాటుకి తుమ్ముతూ రాసుకుంది.

ఇరవయ్యో తారీఖుకి ఊరు పూర్తయింది. ఆ సాయంత్రం మునసబు వెంకయ్యగారి దగ్గరికి వెళ్ళి, ఇంకెవరన్నా మిగిలారా అండీ అని అడిగింది.

"ఎవరూ లేరమ్మా. హాయిగా కాగితాలు కట్టేసుకో."

"పెద్దబోడి మీద జానీబీ ఉంది కదండీ."

వెంకయ్యగారు నోట్లో చుట్ట తీసి చేత్తో పట్టుకున్నారు. ఊరికి పడమర పక్క వరసగా మూడు కొండలున్నాయి. నడుము దాకా కంపచెట్లు, ఆపైన నున్నటి బండ. చెట్టుచేమ లేని నెత్తులు కాబట్టి వాటికి చిన్నబోడి, నడిమిబోడి, పెద్దబోడి అని పేర్లు. అన్నిటికన్నా ఎత్తయిన పెద్దబోడి మీద ఏ కాలం నాటిదో ఒక పీరు గోరీ ఉంది. దూదేకుల బుడే సాయిబు ఊళ్ళో పరుపులు కుట్టుకుని బతుకుతూ ఆ గోరీకి సేవ చేసేవాడు. అతను పోతే పైనే మట్టి చేశారు. ఇక భార్య జానీబీ కిందికి రానంది. పదహారేళ్ళుగా ఆ బండల మధ్య నాలుగు మేకలతో ఉంటోంది. మొక్కులున్నవాళ్ళు గురువారాలు ఎక్కి నూకలో బెల్లమో ఇచ్చి వస్తారు.

"ఆమె మన ఊరు కాదమ్మా," అన్నారు వెంకయ్యగారు. "పొలిమేర పెద్దబోడి నెత్తి మీదుగా పోతుంది. గోరీ అవతల ఊరి కిందికి వస్తుంది."

"అవతల ఊరి మునసబుగారినీ అడిగానండీ. గోరీ మీ ఊరి కిందికే వస్తుందన్నారు."

"అట్లా అన్నాడా వాడు?" వెంకయ్యగారికి కాస్త పౌరుషం వచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు. "పోనీ వదిలెయ్యి. పోయిన లెక్కల్లోనూ ఆమెని ఎవరూ రాయలా. ఏమన్నా కొంప మునిగిందా?"

"మునిగిందో లేదో ఆమెనే అడిగి వస్తానండీ," అని రెబ్కా లేచింది.

మర్నాడు శనివారం. పొద్దు పొడిచేసరికి కొండ మొదట్లో ఉంది. అక్కడ అంకయ్య ఎదురయ్యాడు. అరవై ఏళ్ళ గొర్రెల కాపరి, ఈ మూడు కొండలూ అతనికి పెరటి కింద లెక్క. తోవ అడిగితే కర్రతో చూపించి చెప్పాడు.

"కంప ఉన్నంత మేర చెప్పులేసుకోండి టీచరమ్మగారూ. బండ తగలగానే తీసి సంచీలో పెట్టండి. బండ మీద చెప్పుని నమ్మితే మూతిపళ్ళు రాలతయ్. నల్లచారలున్న చోట కాలెయ్యొద్దు, నీళ్ళు పారిన నాచు అది. పైన పచ్చజెండా కనపడితే దానికేసి పోవటమే."

మొదటి గంట నడకంతా రేగు కంపలో, బలుసు పొదల్లో సాగింది. చీర కుచ్చెళ్ళు నడుముకి దోపుకుని, ముల్లు పట్టుకున్నప్పుడల్లా వెనక్కి తిరిగి విడిపించుకుని, మళ్ళీ నడిచింది. కొండగోగు చెట్లు పూసి ఉన్నాయి. చెట్టుకి ఒక్క ఆకు లేదు, అరచేతంత పసుప్పచ్చ పూలు మాత్రం ఎండుకొమ్మల చివర పట్టి ఉన్నాయి. ఎక్కడో కలివి పూసిన వాసన వచ్చింది. కిందెక్కడా లేని చల్లగాలి వీస్తోంది. పదకొండేళ్ళు ఈ కొండల్ని కింద నుంచి చూస్తూ ఒక్కసారీ ఎక్కలేదేమిటా అని తనని తనే తిట్టుకుంది.

కంప అయిపోయి బండ వచ్చింది. చెప్పులు తీసి పాదం మోపితే చల్లగా, గరుకుగా పట్టు దొరికింది. ఆమెకి ధైర్యం ఎక్కువే, ఆ ధైర్యంతోనే జెండా కోసం కూడా చూడకుండా ఎదురుగా ఉన్న నెత్తికెక్కేసింది. ఎక్కి చూస్తే అక్కడ గోరీ లేదు, మనిషి లేదు, గొర్రెల పెంట ఉంది. పక్క కొండ మీద పచ్చజెండా ఊగుతోంది. తను ఎక్కింది నడిమిబోడి. పిల్లలకి దిక్కులు నేర్పే టీచరు ఒక కొండకి బదులు ఇంకో కొండెక్కిందంటే స్కూల్లో ఎంత నవ్వులాటో ఆమెకి తెలుసు. చూసేవాళ్ళు లేరు కాబట్టి తనే నవ్వుకుని, సంచీలో బెల్లం ముక్క నోట్లో వేసుకుని, మధ్యలో ఉన్న లోయలోకి దిగి మళ్ళీ మొదలుపెట్టింది.

పెద్దబోడి ఆఖరి మెట్ట నిటారుగా ఉంది. సంచీ వీపుకి కట్టుకుని, చేతులూ కాళ్ళూ ఆనించి పాకింది. ఒకచోట చూపు కిందికి పోయింది. ఇక కిందికి చూడకూడదని గట్టిగా అనుకుని, చెయ్యి తరవాత చెయ్యి వేసుకుంటూ పోయింది. చివరికి బండ వాలు తగ్గి చదునైంది. బండలోనే తొలిచినట్టున్న దొనలో మోకాటి లోతు నీళ్ళున్నాయి. దొన అంచున, ఇసక పేరుకున్న చోట, ఆవగింజంత తెల్లపూలు పూశాయి. లేచి నిలబడి చుట్టూ చూసింది. కింద నేలంతా పరిచి ఉంది. మిరప కల్లాలు ఎర్రగా, పగిలిన పత్తి చేలు తెల్లగా, మధ్యలో తను పదకొండేళ్ళు కాపురమున్న ఊరు గుప్పెడంత.

గోరీ ముందు ముసలామె ఊడుస్తోంది. సన్నటి మనిషి, చీపురుకీ ఆమెకీ పెద్ద తేడా లేదు.

"ఎవరమ్మాయివి? మొక్కుందా?"

"మొక్కేం లేదవ్వా. నిన్ను రాసుకోవడానికి వచ్చాను. దేశంలో ఉన్నవాళ్ళందర్నీ రాస్తున్నారు."

జానీబీ చీపురు కింద పెట్టింది. "పోయినసారి రాయలా," అంది. "కిందికి పోయి అడిగా. పైన ఉన్నది ఇల్లు కాదు బండ, బండకి నెంబరెట్లా వేస్తాం అన్నారు. ఆ తరవాత రేషను కార్డుకి పోతే రెండూళ్ళ పుస్తకాలూ తిరగేసి, నువ్వు లేవు అన్నారు. ఎదురుగా నిలబడి ఉంటే లేవన్నారమ్మాయ్."

రెబ్కాకి తల్లి గుర్తొచ్చింది. నీళ్ళు తాగుతానని దొన దగ్గరికి పోయి వచ్చింది. తరవాత ఇల్లేదో చూపించమంది. ఒకదానిమీద ఒకటి ఒరిగిన రెండు గుండ్లు, ముందు జొన్నచొప్ప దడి, లోపల పొయ్యి, చాప. వండుకుని పడుకునే చోటు ఇల్లే అని లెక్కల పనికి రెబ్కాకి ఇచ్చిన పుస్తకంలో ఉంది. గోడ లేకపోతే ఇల్లు కాదని ఎక్కడా లేదు. సంచీలోంచి ఎర్రటి గేరు పొడి తీసి నీళ్ళలో కలిపి, ఆ గుండు మీద ఊరి వరస ప్రకారం నెంబరు వేసింది. కాగితాలు ఒళ్ళో పరుచుకుని కూర్చుంది.

"నీ భర్త పేరు?"

"బుడే," అంది జానీబీ తడుముకోకుండా. "అందరూ మొగుడి పేరు చెప్పరు. చెబితే ఏమైతది, వస్తాడా? వస్తే మంచిదేగా."

"ఏం పని చేస్తావని రాయమంటావు?"

"ఊడుస్తా. దీపం పెడతా. ఎక్కొచ్చినోళ్ళకి నీళ్ళిస్తా. అది పనేనా?"

"ఎక్కొచ్చిన దాన్ని, నాకు తెలియదా? పనే," అని రెబ్కా రాసింది. వయసు డెబ్బై రెండని ఇద్దరూ కలిసి తేల్చారు.

రాసినంతసేపూ జానీబీ కలం వంకే చూసింది. అయిపోయాక తన పేరు ఏ గీత మీద ఉందో చూపించుకుని, దానిమీద వేలు పెట్టింది. "కిందికి పోయాక దీన్నెవరూ కొట్టెయ్యరుగా?"

"కొట్టెయ్యరు."

"మాటేనా?"

"మాటే అవ్వా. కొట్టెయ్యనివ్వను." రెబ్కా అంత తేలిగ్గా మాట ఇచ్చే మనిషి కాదు. ఇచ్చింది.

ఆ తరవాత సంగతి చెప్పాలంటే ఆ లెక్కల పద్ధతి కొంచెం చెప్పాలి. ఫిబ్రవరిలో రాసుకున్నదాన్ని మార్చి మొదటి అయిదు రోజుల్లో మళ్ళీ తిరిగి సరిచూడాలి. మార్చి ఒకటో తారీఖు సూర్యోదయం హద్దు. అప్పటికి పుట్టినవాళ్ళని కలపాలి. అప్పటికే పోయినవాళ్ళ పేరు కొట్టెయ్యాలి. సూర్యోదయమయ్యాక పోయినవాళ్ళు లెక్కలో ఉన్నట్టే.

ఆ ఒకటో తారీఖు ఆదివారం. రెబ్కా చర్చికి పోవడానికి తల దువ్వుకుంటోంది. అప్పుడు పెద్దబోడి మీద నగారా మోగింది. గోరీ దగ్గర గురువారం సాయంత్రం మాత్రం మోగే నగారా అది. ఆదివారం పొద్దున్న మోగిందంటే మంచి కబురు కాదని ఊరందరికీ అర్థమైంది. మోగించింది అంకయ్య. జానీబీ పోయింది.

ఊళ్ళో దూదేకుల వాళ్ళూ మిగతావాళ్ళూ కలిసి పైకెక్కి ఆమెని బుడే పక్కనే మట్టి చేశారు. రెబ్కా కూడా ఎక్కింది. ఒక్కరోజు చూసిన మనిషి కోసం ఎవరేమనుకుంటారని చూసుకోకుండా ఏడ్చింది.

రెండో రోజే వెంకయ్యగారు ఆమెని పిలిపించారు. చావుల పుస్తకం ముందు పెట్టుకుని ఉన్నారు. "జానీబీని రాసేశానమ్మా. సూర్యోదయానికి ముందే పోయింది. నగారా మోగేటప్పటికి నా నోట్లో వేపపుల్ల ఉంది, మొహాన ఎండ పడలా. నువ్వు నీ కాగితంలో కొట్టేసుకో." బతికుండగా మా ఊరు కాదన్న పెద్దమనిషి, పోయాక మాత్రం రెండో రోజుకల్లా మా ఊరి పుస్తకంలో రాసేశారు. ఆయన అబద్ధం చెప్పలేదు, అది కూడా నిజమే. ఊళ్ళో ఎవర్నడిగినా ఎండ రాకముందే నగారా విన్నామన్నారు.

రెబ్కా అంకయ్యని వెతుక్కుంటూ పోయింది.

"ఆ రాత్రి మంద పైనే పెట్టా టీచరమ్మగారూ," అన్నాడతను. "పొద్దున లేచి ఆమె ఊడ్చింది. జెండా మీద ఎండ పడింది. ఎండకెదురుగా కూచుని, కాసిని నీళ్ళు తెచ్చిపెట్టు అంకయ్యా, కొత్త నీళ్ళు అంది. దొన దగ్గరికి పోయి ముంచుకొచ్చేలోపు అయిపోయింది. అప్పుడు నగారా కొట్టా."

రెబ్కాకి విషయం ఒక్కసారిగా తట్టింది. ఊరికి తూర్పున పొడుగాటి గుట్ట ఒకటి అడ్డంగా ఉంది. దాన్ని దాటి సూర్యుడు ఊళ్ళోకి రావాలంటే ఆలస్యమవుతుంది. పెద్దబోడికి అడ్డమేమీ లేదు. సూర్యుడు ముందు అక్కడికి వస్తాడు, తీరిక చూసుకుని ఊళ్ళోకి వస్తాడు. జానీబీ ఉన్నది ఊళ్ళో కాదు కదా.

పొదిలి వెళ్ళి సూపర్‌వైజరు గౌస్ బాషాగారికి చెప్పింది. ఆయన హైస్కూల్లో సోషలు మాస్టారు, నెమ్మదైన మనిషి, భారీ శరీరం.

"మునసబు రిజిస్టరులో సూర్యోదయానికి ముందని ఉందమ్మా. గొర్రెల కాపరి మాట పట్టుకుని నేనెట్లా ఉంచేది? కొట్టేస్తే ఎవరికీ నష్టం లేదు."

"ఆమెకి మాటిచ్చానండీ. కాపరి మాట వద్దు, నా మాటా వద్దు. మీరే వచ్చి చూడండి."

"ఎక్కడికి?"

"పెద్దబోడి మీదికి."

గౌస్ బాషాగారు తన పొట్ట వంక ఒకసారి చూసుకున్నారు. కానీ ఎదురుగా నిలబడ్డ మనిషి ఆయన రాను అంటాడని ఊహించినట్టే లేదు. బస్సు ఎన్నింటికమ్మా అని అడిగారు.

నాలుగో తారీఖు సాయంత్రం బస్సుకి వచ్చి స్కూల్లో పడుకున్నారు. అయిదో తారీఖు, ఆఖరి రోజు, తెలవారకముందే ముగ్గురూ బయల్దేరారు. ముందు అంకయ్య, మధ్యలో బూట్లు చేత పట్టుకుని గౌస్ బాషాగారు, వెనక రెబ్కా. కంపలో ఆయన చొక్కా రెండుచోట్ల చిరిగింది. ఆఖరి మెట్ట దగ్గర ఇక నావల్ల కాదమ్మా అని కూలబడ్డారు. "ఇంకో ఇరవై బారలండీ. చెయ్యి ఇక్కడ పెట్టండి, కాలు అక్కడ," అని స్కూల్లో చిన్నపిల్లలకి అక్షరం దిద్దించినట్టు దిద్దించి పైకి తెచ్చింది. కింద వెంకయ్యగారికి ముందే చెప్పి ఉంచారు. నగారా వినపడగానే మీ వాకిట్లో ఎండ ఉందో లేదో చూసి చెప్పాలని.

సూర్యుడొచ్చాడు. దూరంగా నేల అంచున ఎర్రగా లేచి, పెద్దబోడి నెత్తిని, జెండాని, గౌస్ బాషాగారి చెమట పట్టిన మొహాన్ని తాకాడు. ఆయన గడియారం చూసుకున్నారు. అంకయ్యని దొన దగ్గరికి పోయి నీళ్ళు ముంచుకు రమ్మన్నారు, ఆ రోజు ఎట్లా పోయాడో అట్లాగే. అంకయ్య ముంతతో వచ్చేసరికి ఆరు నిమిషాలు. "ఇప్పుడు కొట్టు," అన్నారు.

నగారా మోగింది. రెబ్కా కిందికి చూసింది. ఊరింకా గుట్ట నీడలోనే ఉంది. ఇళ్ళ మీద పొయ్యిపొగ తప్ప ఏమీ తెలియడం లేదు. ఆ నీడ జరిగి వెంకయ్యగారి పెంకుటింటి మీద ఎండ పడటానికి మరో పన్నెండు నిమిషాలు పట్టింది.

గౌస్ బాషాగారు రెండు సమాధుల ముందు నిలబడి చేతులు పట్టి ఫాతిహా చదివారు. తరవాత కాగితం అడిగి తీసుకుని, జానీబీ పేరున్న వరసకి పక్కన ఎర్రసిరాతో, సూర్యోదయానంతరం మరణం, స్వయంగా విచారించాను, ఉంచవలెను అని రాసి సంతకం పెట్టారు. "నాకిది చూపించడానికి ఇంత కొండెక్కించావు," అన్నారు. "ఇంకెవరన్నా అయితే నేను వచ్చేవాణ్ణి కాదు."

కిందికి దిగేసరికి వెంకయ్యగారు అరుగు మీద ఉన్నారు. "విన్నానమ్మా," అన్నారు. "వాకిట్లో ఎండ లేదు." పుస్తకం తెప్పించి, తను రాసింది ఒక్క గీతతో కొట్టి, పైన చక్కటి దస్తూరీతో మళ్ళీ రాశారు. ఓడిపోయినట్టు మొహం పెట్టలేదు గానీ, ఆ రోజు రెబ్కాకి కాఫీ తనే అందించారు. ఆ ఇంట్లో ఆమెకి గ్లాసు అందడం అదే మొదలు.

లెక్కలు అచ్చయి స్కూలుకి వచ్చేసరికి మూడేళ్ళు పట్టింది. కొండకింద పాలెం జనాభా వెయ్యిన్ని రెండువందల నలభై ఏడు. రెబ్కా టీచరు ఆ అంకెని నల్లబల్ల మీద రాయించి, మూడో తరగతి పిల్లలందరికీ కంఠతా పట్టించింది. ప్రతి మార్చిలోనూ ఒక్కతే పెద్దబోడి ఎక్కి వస్తూనే ఉంది. ఆ నడకకి ఊళ్ళో ఎవరూ కారణం అడగడం మానేశారు.

ఒక ఏడు రహిమున్నీసా అనే పిల్ల పలక మీద వెయ్యిన్ని రెండువందల నలభై ఆరు అని వేసింది. ఒకటేగా టీచర్ తేడా అంది. టీచరు కొట్టలేదు, తిట్టలేదు. ఆ శనివారం పొద్దున్నే పిల్ల తల్లికి చెప్పి, పలకతో సహా దాన్ని పెద్దబోడి ఎక్కించింది. పైకి వెళ్ళాక బుడే పక్కనున్న సమాధి చూపించి, "నువ్వు వదిలేసింది ఈమెని," అంది. రహిమున్నీసా కాసేపు అటే చూసి, పలక మీద ఆరు చెరిపి ఏడు వేసింది.